భేజ్జి జ్ఞాపకం భేజ్జిలోనే ఉండాలి

2017 మార్చి 11. ఉత్తరప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల శాసనసభ ఎన్నికల ఓట్ల లెక్కింపు జరిగిన రోజు. ఉదయం నుంచి దేశంలోని ప్రతి వార్తాచానల్ తెర మీదా అంకెల వానే. ఉత్తరప్రదేశ్‌లో భారతీయ జనతా పార్టీ సొంతంగా 312 స్థానాలు గెలుచుకున్న ఆ రోజు, ఫలితాల పట్టికల ముందు కూర్చున్న పాత్రికేయుల్లో నేనూ ఉన్నాను. అదే రోజు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, భేజ్జి సమీపాన కొత్తచెరు అనే ఊరి దగ్గర, రోడ్డు పనులకు కాపలాగా బయలుదేరిన సీఆర్పీఎఫ్ 219వ బెటాలియన్ జవాన్లపై మావోయిస్టులు మాటువేసి దాడి చేశారు. పన్నెండుమంది జవాన్లు మరణించారు. ఆ వార్త తెర అడుగున పాకే అక్షరాల వరుసలో కాసేపు కనిపించింది. మేము మళ్లీ ఓట్ల శాతాల్లోకి వెళ్లిపోయాం.

ఆరు వారాలు గడిచాయి. ఏప్రిల్ 24న అదే జిల్లాలోని బుర్కాపాల్ వద్ద మరో ఇరవై అయిదుమంది సీఆర్పీఎఫ్ జవాన్లు హతులయ్యారు. దానితో భేజ్జి పేరు పూర్తిగా వెనక్కి జరిగింది. పెద్ద సంఖ్య చిన్న సంఖ్యను మింగేయడం మన వృత్తికి బాగా అలవాటైన పని.

అయితే భేజ్జి పోరాటాల పటంలోకి ఎక్కింది 2017లో కాదు. అంతకు 158 ఏళ్ల ముందే అక్కడ ఒక యుద్ధం జరిగింది. అందులో గెలిచింది ఆదివాసులు. ఆ సంగతి తెలుగువాళ్లమైన మనకు తెలియకపోవడం మరీ విచిత్రం. ఎందుకంటే ఆ కథలో మన భాష ఉంది, మన హైదరాబాదు కూడా ఉంది.

ఒక చెట్టుకు ఒక తల

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద, శబరి ఒడ్డున కుంట వస్తుంది. కుంట దాటాక ఇంజరం, ఎర్రబోర్, దోర్నపాల్. ఇంజరం దగ్గర ప్రధాన రహదారిని వదిలి అడవిలోకి తిరిగితే భేజ్జి. ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు వినండి: కొత్తచెరు, నాగారం, దంతేశపురం. తెలుగు చెవికి కొత్తగా తోచే పేర్లు కావు. అక్కడి ప్రధాన ఆదివాసులు దొర్లలు. వాళ్లు కోయల శాఖే. వాళ్ల మాటల్లో తెలుగు పాలు చాలా ఎక్కువ. రాష్ట్రాల సరిహద్దు గీత ఆ అడవికి చాలా ఆలస్యంగా వచ్చిన చుట్టం.

1850లలో దక్షిణ బస్తర్‌లో భోపాలపట్నం, పోట్‌కేల్, కోటపల్లి, భేజ్జి వంటివి చిన్న జమీందారీలు. పేరుకు బస్తర్ రాజు కింద ఉన్నా, అడవి వ్యవహారమంతా స్థానిక పెద్దలదే. అప్పుడే దేశంలో రైలు మార్గాలు మొదలయ్యాయి. పట్టాల కింద పరిచే దిమ్మెలకు, వంతెనలకు, పట్టణాల నిర్మాణాలకు కలప గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. గోదావరి పరీవాహకంలోని అడవుల మీద కంపెనీ అధికారుల చూపు, వాళ్ల వెంట గుత్తేదారుల చూపు పడ్డాయి. దక్షిణ బస్తర్‌లో సాలవృక్షాలు, అంటే మనం గుగ్గిలం చెట్లు అనేవి, కొట్టుకునే గుత్తను హైదరాబాదుకు చెందిన హరిదాస్ భగవాన్‌దాస్ అనే వ్యాపారికి ఇచ్చారు.

ఆ చెట్టు దొర్లలకు కలప కాదు. నీడ, ఆకు, గింజ, గుగ్గిలం, దేవుడి చోటు. గుత్తేదారు మనుషులు వచ్చాక చెట్లు పోవడమే కాదు, వెట్టి వచ్చింది, అప్పులు వచ్చాయి, అవమానం వచ్చింది. 1859లో ఆ జమీందారీల పెద్దలు కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నారు: ఇకమీదట ఒక్క చెట్టునూ కొట్టనివ్వరాదు. ఈ తిరుగుబాటుకు ముందు నిలిచినవారిగా ప్రాంత చరిత్ర మూడు పేర్లు చెబుతుంది: పోట్‌కేల్‌కు చెందిన నాగుల్ దొర్ల, భోపాలపట్నానికి చెందిన రాంభోయి, భేజ్జికి చెందిన జుగ్గారాజు. హిందీ పుస్తకాల్లో జుగ్గారాజుగా కనిపించే ఈ మనిషి మన నోట బహుశా జగ్గరాజే. వాళ్లు చేసిన హెచ్చరిక సూటిగా ఉంది: ఒక చెట్టు కొడితే ఒక తల తెగుతుంది.

ప్రభుత్వం దాన్ని ఆటవికుల బెదిరింపుగానే చూసింది. చెట్లు కొట్టేవాళ్లకు తోడుగా తుపాకులు పట్టిన కాపలావాళ్లను పంపింది. దొర్లలు కలప గుట్టలకు నిప్పు పెట్టారు. కోతవాళ్ల తలలు నరికారు. ఆ ప్రాంతం సిరొంచ కేంద్రంగా పనిచేసిన కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్ పరిధిలోనిది. బస్తర్ సంస్థానంపై 1862లో సమగ్ర నివేదిక రాసిన అధికారి ఈయనే. చివరికి గుత్త పద్ధతినే రద్దు చేసుకోవలసి వచ్చింది. కంపెనీ చేతి నుంచి పాలన బ్రిటిష్ రాణి చేతికి మారిన మరుసటి ఏడే, దేశమంతా 1857 ఓటమి బరువు కింద నలుగుతున్న వేళ, భేజ్జి అడవిలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. చరిత్రకారులు దీన్ని కోయి విద్రోహం అంటారు. ఉత్తరాఖండ్‌లో చెట్లను కౌగలించుకున్న చిప్కో ఉద్యమానికి ఇది వందేళ్లకు పైగా పెద్ద.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తెగిన ఆ తలలు ఎవరివి? హైదరాబాదులో కూర్చున్న గుత్తేదారువి కావు, సిరొంచలోని దొరవి కావు. కూలి కోసం గొడ్డలి, రంపం పట్టుకుని వచ్చిన కోతవాళ్లవి. వాళ్ల ఊళ్లేవో, పేర్లేవో ఏ పుస్తకమూ చెప్పదు. మనం గర్వించదగిన విజయంలోనూ ఇంత రక్తం, ఇంత మరుపు ఉన్నాయి. భేజ్జిని గుర్తుంచుకోవడం అంటే జగ్గరాజు విగ్రహం ఒకటి నిలబెట్టి దండ వేయడం కాదని నేననుకోవడానికి మొదటి కారణం ఇదే.

పొరలు పొరలుగా పోరు

దక్షిణ బస్తర్ నేలలో యుద్ధాలు ఒకదానిపై ఒకటి పేరుకుని ఉన్నాయి. 1850లలోనే లింగగిరికి చెందిన ధుర్వారావు సేనకూ ఆంగ్లేయ సైన్యానికీ చింతల్నార్ గుట్టల వద్ద పోరు జరిగిందని ప్రాంత చరిత్ర చెబుతుంది. చింతల్నార్ అనగానే ఇవాళ దేశానికి గుర్తొచ్చేది అది కాదు, 2010 ఏప్రిల్ 6. ఆ రోజు తాడిమెట్ల సమీపంలో మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది మరణించారు. ఒకే గుట్టల వరుస, ఒకటిన్నర శతాబ్దం తేడా.

ఆ మధ్యలో, 2005 జూన్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు పక్క శిబిరాలకు, కొందరు అడవిలోకి, వేలాదిమంది గోదావరి దాటి అప్పటి ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల్లోకి చేరారు. మన పత్రికలు గుత్తికోయలని రాసేది వీళ్లనే. 2006 జులైలో ఎర్రబోర్ శిబిరంపై మావోయిస్టులు దాడి చేసి ముప్పైమందికి పైగా ఆదివాసులను చంపారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆయుధాలిచ్చి యుద్ధంలోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. 2012 జూన్‌లో పక్క జిల్లా బీజాపూర్‌లోని సార్కెగూడ వద్ద భద్రతా దళాల కాల్పుల్లో పదిహేడుమంది గ్రామస్థులు చనిపోయారు. వాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారాలు లేవని న్యాయ విచారణ కమిషన్ తేల్చిన సంగతి 2019లో గానీ బయటికి రాలేదు. బుర్కాపాల్ దాడి కేసులో అరెస్టయిన 121 మంది ఆదివాసులను 2022 జులైలో న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టింది. అప్పటికి అయిదేళ్లు జైల్లో గడిచిపోయాయి.

మళ్లీ భేజ్జికి వద్దాం. 2024 నవంబర్ 22న భేజ్జి అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో పదిమంది మావోయిస్టులు మరణించారు. ఆ పోరులో ముందు నడిచింది డీఆర్జీ. అందులో పనిచేసేది స్థానిక ఆదివాసీ యువకులు, లొంగిపోయిన మాజీ మావోయిస్టులు. అంటే తుపాకీకి అటూ ఇటూ నిలబడ్డవాళ్లు ఒకే సంతకు వెళ్లే ఊళ్ల పిల్లలు. ఈ వాస్తవాన్ని దాటుకుని ఈ నేల గురించి ఏ చరిత్రా రాయలేం.

జ్ఞాపకాలన్నీ పరాయి ఊళ్లలో

మరి ఈ మరణాల జ్ఞాపకాలు ఇప్పుడెక్కడ ఉన్నాయి?

విధి నిర్వహణలో చనిపోయిన జవాన్ల కోసం ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం ఉంది. 2018 అక్టోబర్ 21న ప్రారంభమైన ఆ ప్రాంగణంలో పేర్లు చెక్కిన శౌర్యకుడ్యం ఉంది. 1859 తిరుగుబాటు జ్ఞాపకం నవ రాయ్‌పూర్ చేరింది. 2025 నవంబర్ 1న, రాష్ట్ర అవతరణకు పాతికేళ్లు నిండిన రోజున, ప్రధాని ప్రారంభించిన షహీద్ వీర్ నారాయణ్ సింగ్ ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియంలో కోయి తిరుగుబాటుకూ ఒక చోటు దక్కింది. మంచి పనే. కానీ భేజ్జి నుంచి అక్కడికి నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. కేసులపాలైన, కాల్పులపాలైన గ్రామస్థుల జ్ఞాపకం కోర్టు కట్టల్లో, కమిషన్ నివేదికల్లో ఉంది. మావోయిస్టులు తమవాళ్ల కోసం అడవుల్లో ఎర్ర స్తూపాలు కట్టారు. భద్రతా దళాలు వాటిని ఒక్కొక్కటిగా కూలుస్తూ వస్తున్నాయి. ఇన్‌ఫార్మర్లన్న ముద్ర వేసి మావోయిస్టులు చంపిన గ్రామస్థులకు ఆ స్తూపాల మీద ఎన్నడూ చోటు లేదు.

భేజ్జి జ్ఞాపకాలన్నీ భేజ్జికి దూరంగా కాపురముంటున్నాయి. అందరినీ కలిపి చెప్పే చోటు మాత్రం ఆ నేల మీద లేదు.

మన చట్టం కూడా దీనికి దారి చూపదు. 1958 నాటి పురాతన స్మారక చిహ్నాల చట్టం కట్టడాన్ని, శాసనాన్ని, గుహను, సమాధిని, శిథిలాలున్న స్థలాన్ని గుర్తిస్తుంది. దానికి నూరేళ్లు నిండాలి. యుద్ధభూమి అనే మాట ఆ నిర్వచనాల్లో లేదు. చెట్ల కోసం యుద్ధం చేసినవాళ్లు కోటలు కట్టలేదు, శాసనాలు వేయించలేదు. వాళ్లు కాపాడిన అడవే వాళ్ల కట్టడం. ఆ కట్టడం ఏ జాబితాలోకీ ఎక్కదు.

విచిత్రమేమంటే, చనిపోయినవారికి రాయి నిలపడం బస్తర్ ఆదివాసులకు ఎవరో నేర్పవలసిన విద్య కాదు. రోడ్ల పక్కన, పొలిమేరల్లో నిలువు రాళ్లు, చెక్కిన కొయ్య స్తంభాలు అక్కడ తరతరాల ఆచారం. దంతెవాడ దగ్గరి గామావాడలో అలాంటి స్మారక శిలలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనే ఉన్నాయి. రాయి ఉంటే కాపాడే చట్టం ఉంది. రాయి నిలిపే సంప్రదాయమూ ఉంది. యుద్ధం జరిగిన చోటికి ఈ రెండూ చేరకపోవడమే లోపం.

మన ఇంటి అనుభవం

ఈ విషయంలో ఛత్తీస్‌గఢ్‌కు ఉపదేశాలు చేసేముందు మన ఇంటి సంగతి చూసుకోవాలి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభపై పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క పదమూడు. ప్రజాసంఘాల లెక్క అంతకు చాలా ఎక్కువ. 1983లో అక్కడ కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు. మరుసటి ఏడాది ప్రభుత్వమే మళ్లీ కట్టించింది. అయినా ఏళ్ల తరబడి ఆ తేదీ రాగానే నిషేధాజ్ఞలు, పోలీసు పహరా. చనిపోయినవాళ్లకు పూలు పెట్టడానికి బతికున్నవాళ్లకు అనుమతి కావలసి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి హోదాలో రేవంత్ రెడ్డి అక్కడికి వెళ్లి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. కాల్పుల నుంచి ఆ రోజు దాకా నలభై మూడేళ్లు పట్టింది.

జోడేఘాట్ కథ కొంత నయం. కొమరం భీం నేలకొరిగిన చోటనే 2016లో స్మారకం, మ్యూజియం వెలిశాయి. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జనం అక్కడికి చేరతారు. ఆ జ్ఞాపకం నిలవడానికి కారణం ప్రభుత్వం పోసిన సిమెంటు కాదు. దానికంటే ముందే అక్కడికి నడిచి వచ్చిన జనం.

ఇక మన్యం. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి దళం చేతిలో స్కాట్ కవార్డ్, హేటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు మరణించారు. వారి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి, గాం గంటందొర సమాధి ఉన్నాయి. వాళ్ల వెనుక నడిచిన వందలాది బగతలు, కోయల పేర్లు రాసిన రాయి కోసం ఎవరు ఏ ఘాట్‌లో వెతకాలి? నాయకుడు మిగులుతాడు, అధికారి మిగులుతాడు. మధ్యలోని మనిషి మట్టిలో కలిసిపోతాడు. సుక్మా అయినా మన్యం అయినా ఇదే తంతు.

నూట పదిహేనేళ్లు పట్టిన పేరుమార్పు

ఇలాంటి చిక్కుముడిని కొంతవరకైనా విప్పుకున్న చోటు ఒకటి అమెరికాలో ఉంది. 1876 జూన్ 25న మోంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున లకోటా, షయాన్ తెగల యోధులు కస్టర్ నాయకత్వంలోని అశ్విక దళాన్ని ఓడించారు. యుద్ధం గెలిచింది ఆదివాసులు. దాన్ని స్మరించే హక్కు మాత్రం ఓడినవాళ్లకే దక్కింది. 1881లో సైనికుల కోసం స్మారక స్తంభం లేచింది. సైనికులు పడిన చోటల్లా తెల్లని పాలరాళ్లు నాటారు. ఆ స్థలం పేరే కస్టర్ యుద్ధభూమి. ఆ పేరును మార్చే చట్టం 1991లో వచ్చింది. తెగల యోధులు పడిన చోట్ల ఎర్ర గ్రానైట్ రాళ్లు 1999లో మొదలయ్యాయి. ఆదివాసుల స్మారకం 2003లో ప్రారంభమైంది. తెల్లరాళ్లను పెకలించి ఎర్రరాళ్లు పాతలేదు. రెండూ ఒకే గడ్డి మైదానంలో నిలిచి ఉన్నాయి. చూడడానికి వచ్చిన మనిషి రెండింటి మధ్యా నడవక తప్పదు.

మనం కూడా నూట పదిహేనేళ్లు ఆగాలా?

స్మరణ వేరు, సమర్థన వేరు

ఇక్కడ ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు. 12 మంది జవాన్లను చంపినవాళ్లనూ, చనిపోయిన జవాన్లనూ ఒకే గాట కడతారా? ఆ పన్నెండు కుటుంబాల ముందు నిలబడి ఈ మాట అనగలరా? న్యాయమైన ప్రశ్న. దీనికి నా జవాబు ఒకటే: స్మరణ వేరు, సమర్థన వేరు, గౌరవ వందనం వేరు. దేశం తరఫున నిలబడి ప్రాణాలిచ్చినవాళ్లకు దక్కే వందనం ఇంకెవరికీ పంచమని నేను కోరడం లేదు. ఆ నేల మీద ఎవరెవరు, ఎప్పుడు, ఎలా చనిపోయారో దాచకుండా చెప్పమని మాత్రమే కోరుతున్నాను. మావోయిస్టుగా చనిపోయిన పిల్లవాడి తల్లికీ ఆ ఊళ్లోనే బతుకు. ఆమెకు స్తూపం అక్కర్లేదు. తన బిడ్డ పేరు, చనిపోయిన తేదీ ఒక పుస్తకంలో సరిగ్గా రాసి ఉంటే చాలు.

రెండో అభ్యంతరం అటువైపు నుంచి వస్తుంది. న్యాయం జరగని చోట రాళ్లు దేనికి? సార్కెగూడ కుటుంబాలకు కావలసింది శిలాఫలకం కాదు, బాధ్యులపై చర్య. ఇదీ నిజమే. స్మారకం న్యాయానికి ప్రత్యామ్నాయమైతే అది అవమానమే. కానీ న్యాయం కోసం అడిగేవాళ్లకు మొదట కావలసింది చెరిగిపోని లెక్క. లెక్క నిలిచిన చోట ప్రశ్న నిలుస్తుంది.

ఈ మాటలన్నీ ఇప్పుడే ఎందుకంటే, సమయం తక్కువ. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్ర హోంమంత్రి గడువు ప్రకటించారు. 2025 మే నెలలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ కేశవరావు, అదే ఏడాది నవంబర్‌లో సుక్మా జిల్లా పువర్తికి చెందిన హిడ్మా ఎదురుకాల్పుల్లో మరణించారు. యుద్ధాలు ముగిసే ఘడియలోనే చరిత్ర పుస్తకం అట్ట మూసేస్తారు. ఏ పేజీ ఉంచాలో, ఏది చింపాలో గెలిచినవాళ్లు నిర్ణయించుకునేది అప్పుడే. అడవిలోకి రోడ్లు, టవర్లు, బ్యాంకులు, రేపు గనులు వస్తాయి. వాటి వెంట కొత్త మనుషులు వస్తారు. 1859లో ఇక్కడ ఏం జరిగిందో వాళ్లకు చెప్పే నోరు ఒక్కటైనా ఉండాలి కదా.

చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. 1996 నాటి పెసా చట్టం తమ సంప్రదాయాలను, సాంస్కృతిక ఉనికిని కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టమూ సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే బాధ్యతను గ్రామసభ చేతిలోనే పెట్టింది. ఏ చోటును గుర్తుగా ఉంచాలో, ఏ రూపంలో ఉంచాలో భేజ్జి చుట్టుపక్కల గ్రామసభలే తీర్మానించనివ్వండి. రాయి కావచ్చు, కొయ్య స్తంభం కావచ్చు, కొట్టరాదని కట్టుబాటు చేసుకున్న నాలుగెకరాల గుగ్గిలం తోపు కావచ్చు. 1859 విజయానికి చివరిదే అన్నిటికంటే తగిన గుర్తు.

రెండో పని మనది. పెద్దవాళ్ల నోట మిగిలిన కథలను, వంశాల పేర్లను, పోరాటపు ఆనవాళ్లను తెలుగు తెలిసిన పరిశోధకులు వినగలిగినంత సులువుగా రాయ్‌పూర్ వాళ్లు వినలేరు. పైగా ఆ కథలు తెలిసినవాళ్లలో చాలామంది ఇవాళ భద్రాద్రి, ములుగు, అల్లూరి సీతారామరాజు జిల్లాల అడవి అంచున గుడిసెలు వేసుకుని బతుకుతున్నారు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకు భేజ్జి దూరం కాదు. ఆ గుడిసెల దాకా నడిస్తే చాలు.

మూడో పని మా వృత్తిది. 2017 మార్చి 11న అంకెల వానలో మేము వదిలేసిన వార్తను ఆలస్యంగానైనా పూర్తి చేయడం. ఆ రోజు చనిపోయిన పన్నెండుమంది ఒక రోడ్డుకు కాపలాగా వెళ్లారు. 1859లో చనిపోయిన కోతవాళ్లు కూలికి వెళ్లారు. జగ్గరాజు మనుషులు తమ చెట్ల కోసం నిలబడ్డారు. 2024లో మరణించిన పదిమందీ ఏదో ఒక ఊరి నుంచి ఏదో ఒక రోజు తుపాకీ పట్టుకుని బయలుదేరినవాళ్లే. ఇంజరం నుంచి భేజ్జి వెళ్లే దారి పక్కన ఈ మూడు సంవత్సరాలూ వరసగా రాసి ఉన్న చోటు ఒకటి ఉండాలి. దొర్ల మాటలో, తెలుగులో, హిందీలో ఉండాలి. ఆ దారిన బడికి వెళ్లే పిల్ల ఒకరోజు ఆగి, ఆ అంకెలు చదివి, వీటి మధ్యలో ఏం జరిగిందని తన టీచరును అడగాలి. ఆ టీచరు భయపడకుండా జవాబు చెప్పగలిగిన రోజున మాత్రమే అక్కడ యుద్ధం ముగిసిందని నేను నమ్ముతాను.